జలుబు చేసిన గంట

పార్కులో ఉద్యోగం అంటే మా బంధువులంతా నవ్వేవాళ్ళు. "చెట్లకు నీళ్ళు పోసేదానికి సర్కారు జీతమా అప్పా?" అని మా మేనమామ పెళ్ళిళ్ళలో పదిమంది ముందు అడిగేవాడు. ఇప్పుడు తోటల విభాగంలో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు ముగ్గురు కుప్పంలో మా ఇంటికి వచ్చి, "మీ అనుభవాలు చెప్పండి సార్" అంటున్నారు. నోటితో చెబితే నేను సగం దాటేస్తాను. అందుకే రాస్తున్నాను.

పదోన్నతులు, సర్వీసు రిజిస్టర్ల గొడవ ఇందులో లేదు. ధైర్యం చెప్పే మాటలు కూడా పెద్దగా లేవు. అవి కావాలంటే వేరేవాళ్ళ గడప తొక్కండి. నేను పెంచిన పార్కు ఒకటి నా చేతుల మీదుగానే మూతపడింది. అది మూతపడినందుకు ఒక మనిషి పోయింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క సంగతిలోనే ఉంది.

దండు బయలు

మదనపల్లె నుంచి రామసముద్రం వైపు పోయే దారిలో, యుద్ధకాలంలో మిలిటరీవాళ్ళు క్యాంపు వేసిన జాగా ఒకటి ఉండేది. ఊళ్ళో దాన్ని దండు బయలు అనేవాళ్ళు. పెద్ద కవాతు మైదానం, కూలిపోయిన బ్యారక్‌ల పునాదులు, తుపాకీ గురి నేర్చుకోవడానికి పోసిన పొడవాటి మట్టికట్ట, ఆ కట్టకు వెనక రాళ్ళగుట్ట. గుట్ట మీదికి ఫిరంగులు కాల్చి సాధన చేసేవాళ్ళని ముసలివాళ్ళు చెప్పేవాళ్ళు. దండు వెళ్ళిపోయాక అంతా కంపచెట్లు కమ్ముకున్నాయి. డెబ్బైల మొదట్లో దాన్ని జనానికి పార్కు చేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. నన్ను సూపర్‌వైజరుగా వేశారు.

అప్పుడు మా ఆఫీసరు శామ్యూల్ గారు. మిషన్ బడిలో చదువుకున్న మనిషి, తెల్ల చొక్కా, మెత్తని మాట. నేను చూసిన ఆఫీసర్లలో కుర్చీలో తక్కువగా కూర్చున్నది ఆయనొక్కడే. మొదటి నెలలోనే నేను ఒక తెలివితక్కువ పని చేశాను. మైదానంలో గడ్డి వేయించి, నాలుగు వైపులా 'గడ్డి మీద నడవరాదు' అని బోర్డులు నాటించాను. పొద్దున్నే నడకకు వచ్చే ఒక రిటైర్డ్ టీచరు బోర్డు ముందు నిలబడి, "గడ్డి మీద నడవకుండా ఉండేదానికి మాకు ఇండ్లు ఉండాయి గదప్పా, ఈడికి యాల రావాల?" అన్నాడు. శామ్యూల్ గారు పక్కనే ఉన్నారు. బోర్డు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు. మర్నాడు బోర్డులు నేనే పీకించాను.

ఆ తర్వాత ఆ బయలు ఎలా మారిందో చెబితే మీరు నమ్మరు. తెల్లవారుజామునే నడిచేవాళ్ళు వచ్చేవాళ్ళు. మిషన్ ఆస్పత్రిలో జబ్బు తగ్గుముఖం పట్టినవాళ్ళు మెల్లగా, ఒకరి భుజం ఒకరు పట్టుకుని మైదానం చుట్టూ తిరిగేవాళ్ళు. సాయంకాలం నర్సమ్మలు చీర కొంగు దోపుకుని రింగు ఆట ఆడేవాళ్ళు. మట్టికట్ట మీది నుంచి పిల్లలు టెంకాయ మట్ట మీద కూర్చుని జారేవాళ్ళు. ఆదివారం వస్తే పుంగనూరు, సదుం నుంచి కూడా సంసారాలు చిత్రాన్నం కట్టుకుని బస్సు దిగేవి. బ్యారక్‌ల పునాదులు పేకాటకు బాగా కుదిరాయి. పేకాట నేను చూసీ చూడనట్టు వదిలేశాను.

మా నేల కరువు నేల. కూర్చోవడానికి నీడ, కాలు సాచడానికి పచ్చిక ఉన్న చోటు ఊరందరికీ ఒక్కటంటే ఒక్కటి. దాని విలువ నాకు మూసిన తర్వాత తెలిసింది అనను. తెరిచి ఉన్నప్పుడే తెలుసు. అందుకే ఇంత బాధ.

గంట దొరికింది

సాయంకాలం చీకటి పడేలోగా జనాన్ని బయటికి పంపాలి. బయలు పెద్దది, గుట్ట వైపు పాములు ఎక్కువ. వాచ్‌మన్ గుర్రప్ప ఈల ఊది ఊది గొంతు ఎండిపోయి, "ఒక గంట కట్టించండి సార్, బడిలో మాదిరి" అన్నాడు.

మా వైపు బడికి, మిల్లుకు, చర్చికి కూడా ఒక రైలు పట్టా ముక్క వేలాడదీసి కొట్టడం అలవాటు. బరువైన ఇనుము యాడ కనబడినా మా కంటికి అది గంటే. గుట్ట దిగువన కంప కొట్టిస్తుంటే ట్రాక్టరు నాగలికి ఒక ఇనుప దిమ్మె తగిలింది. మోచేతి నుంచి వేళ్ళ కొనల దాకా ఉండేంత పొడవు, గుండ్రంగా, ఒక కొన సన్నంగా, ఒళ్ళంతా తుప్పు. మిలిటరీవాళ్ళ నీళ్ళ మోటారు ముక్కేదో అనుకున్నాం. గుర్రప్ప దాన్ని బిడ్డను ఎత్తుకున్నట్టు భుజాన వేసుకుని గేటు దాకా మోసుకొచ్చాడు.

కమ్మరి ఆచారిని పిలిపించాం. ఆయన కొలిమిలో ఒక పట్టీని ఎర్రగా కాల్చి, దిమ్మె వెడల్పు కొనకు తొడిగి, సుత్తితో బిగించి, కొక్కెం పెట్టాడు. నేను పక్కనే నిలబడి టీ తాగుతున్నాను. ఆ దృశ్యం ఇప్పటికీ కలలోకి వస్తుంది. టీ గ్లాసుతో సహా.

గేటు పక్కన రేకుల కొట్టం కింద దాన్ని వేలాడదీశాం. గుర్రప్ప ఇనుప కడ్డీతో కొట్టాడు. ఖంగుమనలేదు. మొద్దుగా, ముక్కు దిబ్బడ వేసిన మనిషి పిలిచినట్టు మోగింది. జనం నవ్వారు. నడకకు వచ్చేవాళ్ళు దానికి 'జలుబు చేసిన గంట' అని పేరు పెట్టారు. పేరు బాగుందని నేనూ నవ్వాను. ఇంత ఇనుము ఇంత మొద్దుగా యాల మోగుతోందని మాలో ఒక్కరూ ఆలోచించలేదు.

నాగమ్మ

పార్కు తెరిచిన కొత్తలో మా పెద్ద తలనొప్పి మట్టికట్ట. దాంట్లో పాత తుపాకీ గుండ్ల సీసం దొరికేది. పక్క పల్లెల ఆడవాళ్ళు గడ్డపారలు తెచ్చి తవ్వి, జల్లెడ పట్టి, పాత సామాన్ల అంగడికి వేసేవాళ్ళు. అందరిలోకీ మొండిది నాగమ్మ. నలభైకి దగ్గర పడిన మనిషి, మొగుడు పోయాడు, ముసలి అత్తను సాకుతోంది. చిన్నప్పుడు తల్లి వెంట వచ్చి తవ్వడం నేర్చుకుందట. గుర్రప్ప ఒక పక్క తరిమితే ఇంకో పక్క నుంచి దిగేది.

ఒకరోజు ఆమె గడ్డపార లాక్కుని నేను నానా మాటలూ అంటుంటే శామ్యూల్ గారు వచ్చారు. ఆమెను అడిగారు: "అమ్మా, ఇది మానుకునేదానికి నీకేం కావాలి?"

"పని కావాల సార్" అంది. అంతే.

ఆయన ఆమెను రోజుకూలీ మీద ఊడ్చే పనికి పెట్టించారు. నాతో అన్నారు: "తరిమితే మళ్ళీ వస్తుందయ్యా. పనిస్తే గడ్డపార మూల పెడుతుంది." నిజంగానే మూల పెట్టింది. తను మానుకోవడమే కాదు, వేరేవాళ్ళు తవ్వడానికి వస్తే గుర్రప్ప కంటే ముందు ఆమె చీపురు తిరగేసి లేచేది. "ఈ కట్ట మాది పొమ్మే!" అని అరిచేది. గుట్ట వైపు పిల్లలు పోతే జుట్టు పట్టుకుని తెచ్చేది. దేనికంత కోపమని అడిగితే, "ఆ పక్క మంచిది కాదు సార్" అనేది. దయ్యాల భయం అనుకున్నాను.

ఆమెకు గంటతో కూడా ఒక పేచీ ఉండేది. పనిలో చేరిన కొన్నాళ్ళకే నా దగ్గరకు వచ్చి, "ఆ ఇనప కడ్డీతో కొడతాంటే తల పగిలిపోతాండాది సార్. కొయ్యతో కొట్టమని సెప్పండి" అంది. మర్నాడు తనే తుమ్మకొయ్య సుత్తి ఒకటి చెక్కించుకుని తెచ్చింది. గుర్రప్ప వదులుతాడా? "ఏం నాగమ్మక్కా, గంటకు నొప్పి పుడతాదని ఏడుస్తాండావా?" అన్నాడు. ఆమె సుత్తి అతని చేతిలో పెట్టి, "మెల్లిగా కొట్టు సామీ, అది యాడికీ పోదు" అంది. అందరం నవ్వుకున్నాం. కొయ్యసుత్తితో ఇంకా మొద్దుగా మోగేది. అయినా అదే అలవాటైపోయింది.

ఆయుధపూజ వస్తే చీపుర్లకు, పారలకు, నీళ్ళ బండికి పసుపు కుంకుమ పెట్టడం మామూలే. గంటకు మాత్రం నాగమ్మ ఒక్కతే పెట్టేది, ఇంకొకరిని ముట్టుకోనిచ్చేది కాదు. నూనెలో కలిపిన పసుపును అంగుళం మందాన మెత్తేది. ఏడాదికేడాది పొరలు పేరుకుని ఆ దిమ్మె ఊరి దేవర మాదిరి అయింది. పోయేవాళ్ళు దానికి దండం కూడా పెట్టడం మొదలుపెట్టారు. నాకు ముచ్చటేసింది.

అట్లా దాదాపు పదేళ్ళు. పొద్దున ఒకసారి, సాయంకాలం ఒకసారి.

చింతపండు

శామ్యూల్ గారు రిటైరై వెళ్ళిపోయారు. ఆయన తర్వాత వచ్చిన ఆఫీసరు పేరు రాయను. చెడ్డమనిషి కాదు, భయస్థుడు. ఉద్యోగంలో చెడ్డవాడితో వేగవచ్చు, ఆ చెడ్డతనం ఎటు నుంచి వస్తుందో తెలుస్తుంది. భయస్థుడిది తెలియదు.

ఒక పెద్ద అధికారి మొక్క నాటడానికి పార్కుకు వస్తున్నాడని కబురొచ్చింది. ఇంక చూడండి. సున్నాలు, తోరణాలు, రాళ్ళకు ఎర్రమట్టి. మా ఆఫీసరు గేటు దగ్గర నిలబడి గంటను చూసి ముఖం చిట్లించాడు. "ఇదేంది, గుడి మాదిరి? తోమించండి" అన్నాడు.

నేను నాగమ్మను పిలిచి చెప్పాను. ఆమె చీపురు వదిలి రెండు చేతులూ అడ్డంగా ఊపింది.

"వద్దు సార్. దాన్ని అట్లే ఉండనీండి."

"ఏం, దేవరకు కోపమొస్తుందా?"

"పసుపు పడిన దాన్ని తోమగూడదు సార్. మీకు దండం పెడతా, వద్దు."

నేను నవ్వాను. చదువుకున్నవాడి నవ్వు ఒకటి ఉంటుంది, మీకూ వస్తుంది, జాగ్రత్త. "ఆ పాపం నాకు రాసెయ్‌లే" అన్నాను. అంగడికి మనిషిని పంపి చింతపండు తెప్పించాను. ఆమె చింతపండు నీళ్ళలో పిసికి గంట కింద చేరింది. కూర్చుని తోమింది. పసుపు పొరలు, వాటి కింద తుప్పు ఊడి వచ్చాయి. నడుము చుట్టూ రాగి పట్టీ, కింది కొనకు ఇత్తడి మూతి బయటపడ్డాయి. బలే ఉందనుకున్నాను.

ఆ సాయంకాలమే ఏర్పాట్లు చూసుకోవడానికి మాజీ సైనికులు నలుగురు వచ్చారు. పెద్ద అధికారికి సెల్యూట్ కొట్టాల్సింది వాళ్ళే. వాళ్ళకు పెద్ద హవల్దార్ రెడ్డెప్ప, పలమనేరు పక్క మనిషి, ఫిరంగి దళంలో చేసి వచ్చినవాడు. గేట్లోకి వచ్చి గంట ముందు ఆగిపోయాడు. అప్పుడే గుర్రప్ప సాయంకాలం గంట కొట్టడానికి సుత్తి ఎత్తాడు.

"దించు" అన్నాడు రెడ్డెప్ప. గొంతు పెంచలేదు. "సుత్తి మెల్లిగా కింద పెట్టు. నాయనా, మెల్లిగా."

వంగి, చేతులు వెనక్కు కట్టుకుని, దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. నన్ను పక్కకు పిలిచాడు. "సార్, ఇది ఫిరంగి గుండు. ఈ రాగి పట్టీ మీద గీతలు సూడండి. ఫిరంగిలో నుంచి పోయిందానికే అట్లా పడతాయి. అంటే కాల్చినారు, పోయి పడింది, పేలలా."

"పేలకపోతే ఖాళీది అయ్యుంటుంది కదా?" అన్నాను.

"ఇది ఎట్లా మోగతాది సార్?"

"మొద్దుగా" అన్నాను.

"ఖాళీదైతే మొద్దుగా యాల మోగతాది సార్? లోపల నిండా ఉండాది."

మైదానంలో అప్పుడు రెండొందల మందికి తక్కువ లేరు. నర్సమ్మలు రింగు ఆడుతున్నారు. గంట మోగకుండానే అందరినీ చేతులు ఊపి బయటికి పంపాం.

అందరూ పోయాక గుర్రప్ప నా దగ్గరకు వచ్చాడు. "సార్, పదేండ్లు కొట్టినా. ఏం కాలా. మాపటికి పాడుబావిలో ఏసి మట్టి కప్పేద్దాం. ఎవురికీ తెల్దు." రెడ్డెప్ప ఆకాశం వైపు చూస్తూ, "నేను సెప్పాల్సింది సెప్పినా సార్. రాసేది మానేది మీ ఇష్టం" అన్నాడు. నాగమ్మ దూరంగా, చేతులకు చింతపండు పులుపు అట్లే ఉండగా, నిలబడి నన్ను చూస్తోంది. ఆ చూపు భయమని అనుకున్నాను.

నేను ఆ సాయంకాలమే రిపోర్టు రాసి పంపాను.

మూసినవాళ్ళు ఎవరు

మిలిటరీవాళ్ళు వచ్చారు. వాళ్ళను ఒక్క మాట అనడానికి లేదు. ఇసుక మూటలు పేర్చి, గుండును పసిబిడ్డను దించినట్టు దించి, గుట్ట దగ్గర గుంతలో పెట్టి పేల్చారు. ఆ చప్పుడుకు ఊళ్ళో కిటికీలు అదిరాయి. పదేళ్ళు ఎంత కొట్టినా ముక్కుతూ మూలుగుతూ ఊరుకున్నది, ఆ రోజు తన అసలు గొంతు వినిపించింది. గుర్రప్ప గేటు దగ్గర కూలబడి తన కుడి చేతినే చూసుకుంటూ ఉండిపోయాడు.

వాళ్ళ ఆఫీసరు, కుర్రవాడు, నాతో స్పష్టంగా చెప్పాడు. ప్రమాదం గుట్ట వైపే, అక్కడ ఇంకా గుండ్లున్నాయేమో వెతకాలి, అంతవరకు గుట్టకు కంచె వేసి మనిషిని కాపలా పెట్టండి, మైదానానికి భయం లేదు అన్నాడు. కాగితం మీద కూడా రాసిచ్చాడు.

పార్కు మొత్తం మూసింది మేము. మా ఆఫీసు. పెద్ద అధికారి రాక ఎప్పుడో రద్దయింది, ఆ మొక్క కుండీలోనే ఎండింది. మా ఆఫీసరు నా ఎదుట కూర్చుని, "తెరిచినందుకు ఉద్యోగం పోతుందయ్యా. మూసినందుకు ఎవరిది పోయింది చెప్పు?" అన్నాడు. నేను మిలిటరీవాళ్ళ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. గుట్టను వెతికించలేదు, దానికి వేయాల్సిన కంచె బయలంతా వేశారు. 'ప్రమాదం - లోపలికి రారాదు' అని బోర్డు పెట్టారు. నేను పీకించిన బోర్డుల కంటే పెద్దది.

పార్కే లేనప్పుడు వాచ్‌మన్ ఎందుకని గుర్రప్పను వేరే ఆఫీసుకు వేశారు. ఊడ్చేది లేదు కనుక నాగమ్మను రావద్దన్నారు. నన్ను పుంగనూరుకు పంపారు. కాపలా మనిషిని పెట్టండని నేను మూడుసార్లు రాశాను. ప్రవేశం నిషేధించిన చోట కాపలా అనవసరం అని ఒకసారి జవాబు వచ్చింది. ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు. పిల్లలారా, మీరు ఉద్యోగంలో ఇలాంటి వాక్యాలు చాలా చదువుతారు. మొదటిది చదివినప్పుడు ఒళ్ళు మండుతుంది. పదోది మీరే రాస్తారు.

కంచె తీగ రెండు నెలలు నిలవలేదు. ఎవరో తెంపుకుపోయారు. నడిచేవాళ్ళు బోర్డుకు భయపడి మానుకున్నారు. గడ్డపారలవాళ్ళు భయపడలేదు. వాళ్ళను ఆపడానికి లోపల ఒక్క మనిషి లేడు.

పుంగనూరులో మాట్లాడిన మాటలు

ఒకరోజు మధ్యాహ్నం నాగమ్మ పుంగనూరులో మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది. చిక్కిపోయింది. అత్తకు చూపు పోయిందని చెప్పింది.

"ఈడ ఏమన్నా పని ఉండాదా సార్? గులాబీ తోట ఉండాదంట గదా."

ఉన్న ఇద్దరు మాలీలకే పని లేక నేను అవస్థ పడుతున్నాను. "ఇప్పుడు లేదు నాగమ్మా. వచ్చే నెల చూస్తాను" అన్నాను. ఆ మాట అబద్ధమని చెప్పేటప్పుడే తెలుసు. తెలిసీ చెప్పాను, ఎందుకంటే అది చెబితే ఎదుటి మనిషి లేచి వెళ్ళిపోతుంది.

ఆమె లేవలేదు. ఏదో ఒకటి మాట్లాడాలని, "మనం అదృష్టవంతులం. అది ఏ రోజైనా పేలి ఉంటే అందరం పోయేవాళ్ళం. ఎవరికి తెలుసు, అది గుండని?" అన్నాను.

"నాకు తెలుసు సార్."

"ఏం తెలుసు?"

"అది గుండని. మా యమ్మ దగ్గిర సిన్నప్పటి నుంచి తవ్వతాండా. గుట్ట పక్క అట్లాటివి రెండు సూసినా. ముట్టుకోగూడదని మా యమ్మ సెప్పింది. గేటు కాడ దాన్ని తగిలించింది సూసినాకనే నేను కొయ్యసుత్తి తెచ్చింది, రాగి కనబడకుండా పసుపు మెత్తింది."

సుత్తి, పసుపు పొరలు, పిల్లలను జుట్టు పట్టుకుని లాక్కురావడం, అన్నీ ఒక్కటొక్కటిగా కళ్ళ ముందుకు వచ్చాయి.

"తెలిసి పదేళ్ళు నోరు మూసుకున్నావా? ఇన్ని వందలమంది తిరుగుతుంటే?" అన్నాను. గొంతు పెరిగింది.

"సెప్పింటే మీరేం చేసుందురు సార్?"

"రాసి ఉందును."

"అదే సార్" అంది. "రాస్తారు. వాళ్ళు మూస్తారు. మూస్తే నాకు కూడు లేదు, ఊరికి నీడ లేదు. ముందు నా కూటి కోసమే, అది అబద్దం సెప్పను. రోజూ సామికి మొక్కి లోపలికి వస్తాంటిని. మెల్లిగా కొడితే ఏం కాదులే అనుకొంటిని. తోమేది వద్దంటిని గదా సార్. మీరు నగితిరి."

చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. మళ్ళీ గడ్డపార పట్టావా అని అడిగాను. కట్టలో సీసం అయిపోయిందని, అందరూ గుట్ట పక్కకు పోతున్నారని, అక్కడ రాగి దొరుకుతోందని చెప్పింది.

"అక్కడికి మాత్రం పోవద్దు నాగమ్మా. నీకు తెలుసు కదా."

"తెలుసు సార్. పోకుండా యాడికి పోదును?"

నేను మళ్ళీ వచ్చే నెల అన్నాను. ఆమె సరే సార్ అని బస్సు దారి పట్టింది.

వచ్చే నెల రాలేదు. గుర్రప్ప వచ్చాడు. మెట్ల మీద, ఆమె కూర్చున్న చోటే కూర్చున్నాడు. గుట్ట పక్కన పేలిందని, నాగమ్మ అక్కడే పోయిందని చెప్పాడు. ఆమెకు కాస్త ఎడంగా తవ్వుతున్నవాళ్ళు బతికారు. వాళ్ళను దూరంగా పొమ్మని అరిచి, గడ్డపార తగిలిన దాన్ని మట్టితో కప్పబోయిందట.

"నేను గేటు కాడ ఉండింటే పోనిచ్చుందునా సార్?" అన్నాడు గుర్రప్ప. "సెప్పండి సార్. పోనిచ్చుందునా?"

మేమిద్దరం ఏడ్చాం. ఆఫీసు వేళలోనే, గుమాస్తాలు చూస్తుండగానే.

ఇప్పుడు

చివరి పోస్టింగు కుప్పం. అక్కడే రిటైరయ్యాను. దండు బయలు మళ్ళీ తెరవలేదు. నాగమ్మ పోయిన తర్వాత, మూయడం ఎంత సరైన పనో అదే రుజువని మా ఆఫీసు కాగితాల్లో రాసుకున్నారు. ఆ ఫైలు చదివిన రోజు నాకు ఉద్యోగం మీద ఉన్న కాస్త గౌరవమూ పోయింది. జీతం మాత్రం తీసుకుంటూనే ఉన్నాను.

మీరు అడుగుతారు, రిపోర్టు రాయడం తప్పా అని. తప్పని అనలేను. రెండొందల మంది నెత్తి మీద మందుగుండు వేలాడుతోందని తెలిసి రాయకుండా ఉండడం ఎవరి తరం? రేపు మీకు అలాంటిది ఎదురైతే మీరూ రాస్తారు. రాయండి. కానీ రాసిన తర్వాత ఇంటికి పోయి పడుకోకండి. నేను పడుకున్నాను. మైదానానికి భయం లేదని మిలిటరీ ఆఫీసరు ఇచ్చిన కాగితం నా చేతిలోనే ఉంది. దాన్ని పట్టుకుని పైవాళ్ళ మీదికి పోవాల్సింది. ఊళ్ళో నడిచేవాళ్ళను, నర్సమ్మలను, ఆ టీచరును వెంటబెట్టుకుని పోవాల్సింది. మూడు ఉత్తరాలు రాసి నా పని అయిపోయిందనుకున్నాను. పోయి ఉంటే తెరిచేవాళ్ళా అంటే, తెరిచేవాళ్ళు కాదనే ఇప్పటికీ నా నమ్మకం. అయినా పోవాల్సింది.

ఇంకొకటి. చదువు లేని మనిషి "వద్దు సార్" అంటే నవ్వకండి. యాల అని అడగండి. నేను అడిగి ఉంటే ఏమయ్యేదని చాలాసార్లు ఆలోచించాను. ఆమె చెప్పేది కాదేమో. చెబితే నేను రాసేవాణ్నే. రాస్తే వాళ్ళు మూసేవాళ్ళే. ఏ దారిన పోయినా అక్కడికే చేరుతున్నాను. కనీసం ఆ తోమే పని ఆమె చేత చేయించి ఉండేవాణ్ని కాదు.

తోమిన రోజు సంగతి ఒకటి పైన రాయలేదు. రాయకుండానే ముగిద్దామనుకున్నాను. చింతపండు పులుసుకు పసుపు కరిగి, రాగి పట్టీ వేలెడంత బయటపడగానే ఆమె చేతులు ఆగిపోయాయి. తల తిప్పి నా వైపు చూసింది. నేను వెనక నిలబడి ఉన్నాను. "బలే మెరుస్తోంది నాగమ్మా, ఇంకొంచెం గట్టిగా తోము" అన్నాను.

ఆమె తోమింది.